మీథేన్ ఊటల దగ్గర ఎవరు బతుకుతున్నారు

అంతర్వేది దగ్గర గోదావరి, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలుస్తాయి. పటంలో నది గీత అక్కడితో ఆగిపోతుంది. నది తెచ్చిన మట్టి మాత్రం ఆగదు. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నిలబడి చూసినవాళ్లకు తెలుసు, ఆ ఎర్రనీళ్లలో ఎంత మట్టి పోతుందో. నల్లరేగడి, అడవుల ఆకులు అలములు, కుళ్లిన గడ్డీగాదం, అన్నీ కలిసి పోతాయి. అదంతా తీరం దాటి, లోతు తక్కువగా ఉండే అంచు కూడా దాటి, సముద్రం అడుగు ఏటవాలుగా కిందికి దిగే చోట పేరుకుంటుంది. లక్షల ఏళ్లుగా ఇదే జరుగుతోంది. కొన్నిచోట్ల ఆ ఒండ్రు మందాన్ని కిలోమీటర్లలో చెప్పుకోవాలి.

అంత లోపలికి గాలి చేరదు. ఆ గాలి ఆడని మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు ఎప్పటివో ఆకుల, జీవుల అవశేషాలను అరిగించుకుంటూ మీథేన్ వాయువును వదులుతుంటాయి. పగులు దొరికిన చోట ఆ వాయువు పైకి ఎగబాకుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో, 900 నుంచి 1800 మీటర్ల లోతున, అది సముద్రం అడుగు నుంచి నీళ్లలోకి ఊరుతోందని, ఆ ఊటల చుట్టూ ఆల్చిప్పలు, నత్తలు, గొట్టపు పురుగులు కాపురం ఉంటున్నాయని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2019లో ప్రచురించారు. మన దేశపు ప్రత్యేక ఆర్థిక మండలి జలాల్లో అలాంటి చోటు బయటపడటం అదే మొదలు.

సూర్యుడి వెలుగు ఒక్క కిరణం కూడా చేరని చోటు అది. అక్కడ ఉన్నవాళ్లు ఏం తిని బతుకుతున్నారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికి ఇంకా యాభై ఏళ్లు కాలేదు. ఆ జవాబు కోసమే బయలుదేరిన ఓడ మొదట్లో ఒక్కటీ లేదు. ఒకరు వేడినీళ్లు వెతుక్కుంటూ వెళ్లారు. ఒకరు రాళ్లు చూడటానికి, ఇంకొకరు ఇంధనం కోసం, మరొకరు రాగి, జింకుల కోసం వెళ్లారు. జీవులు వాళ్లకు దారిలో ఎదురయ్యాయి. ఈ వరస ఇకనైనా మారాలన్నది నా మనసులో మాట. ఎందుకో చెప్తాను.

అమెరికాలో ఉడ్స్‌హోల్ అనే ఊళ్లో ఒక సముద్ర పరిశోధన సంస్థ ఉంది. వాళ్ల దగ్గర ముగ్గురు కూర్చుని లోతుకు దిగే ఆల్విన్ అనే చిన్న వాహనం ఉంది. 1968 అక్టోబరులో దాన్ని నీళ్లలోకి దించుతుంటే ఇనుప తాళ్లు తెగాయి. లోపలివాళ్లు ఎలాగో బయటపడ్డారు. వాహనం దాదాపు 1500 మీటర్ల లోతుకు మునిగిపోయింది. పది నెలల తర్వాత పైకి తీశారు. లోపల సిబ్బంది తెచ్చుకున్న మధ్యాహ్న భోజనం, శాండ్‌విచ్‌లు, ఆపిల్ పళ్లు, తడిసి ఉన్నాయే గానీ దాదాపు చెడిపోలేదు. వాటినే తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెడితే కొన్ని వారాల్లో పాడైపోయాయి. హోల్గర్ జానష్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఇది చూసి లోతు సముద్రంలో కుళ్లడం ఎంత నెమ్మదో ప్రయోగాలు చేయడం మొదలుపెట్టాడు. లోతు సముద్రం గురించి అప్పటికి ఉన్న ఊహ కూడా దాదాపు అదే. చలి, చీకటి, పైనుంచి రాలే తుక్కు మీద ఆధారపడి మందకొడిగా బతికే కొద్దిపాటి ప్రాణులు.

1977 ఫిబ్రవరిలో అదే ఆల్విన్‌ను తీసుకుని ఒక బృందం పసిఫిక్ మహాసముద్రంలో గలాపగోస్ దీవుల దగ్గరికి వెళ్లింది. నార్ అనే పరిశోధన ఓడ వాళ్లకు తోడుంది. అక్కడ సముద్రం అడుగున భూమి పలకలు రెండు పక్కలకు జరుగుతూ, మధ్యలో కొత్త రాయి పుడుతోంది. అలాంటి చోట వేడినీటి బుగ్గలు ఉండి తీరాలని భూవిజ్ఞానులు లెక్కలు కట్టారు, కానీ ఎవరూ కళ్లారా చూడలేదు. అది చూడాలనే వాళ్ల తాపత్రయం.

ముందుగా కెమెరాలు బిగించిన ఒక ఉక్కు చట్రాన్ని తాడుతో దింపి, అడుగుకు కాస్త ఎత్తులో లాక్కుంటూ పోయారు. దాని పేరు ఆంగస్. అది దాదాపు మూడు వేల ఫొటోలు తీసింది. ఒకచోట కాసేపు మాత్రం నీటి ఉష్ణోగ్రత పెరిగినట్టు సంకేతం వచ్చింది. ఫిల్ము కడిగి చూస్తే ఫొటోల నిండా నల్లటి లావా రాయి, ఇంకేమీ లేదు. ఉష్ణోగ్రత పెరిగిన ఆ కాసేపట్లో తీసిన 13 ఫొటోల్లో మాత్రం తెల్లటి ఆల్చిప్పలు వందల సంఖ్యలో గుమిగూడి ఉన్నాయి. ముందూ లేవు, వెనకా లేవు.

ఫిబ్రవరి 17న జాక్ కార్లిస్, చీర్డ్ వాన్ యాండెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, పైలట్ జాక్ డానెలీ ఆల్విన్‌లో అక్కడికి దిగారు. రెండున్నర వేల మీటర్ల లోతు. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కనుక, అక్కడ మన మీద ఉండే ఒత్తిడికి 250 రెట్లు ఉంటుంది. చుట్టూ నీళ్లు రెండు డిగ్రీల చలి. రాతి పగుళ్ల నుంచి మాత్రం అంతకన్నా వెచ్చని నీరు మిలమిలలాడుతూ పైకి వస్తోంది. ఆ పగుళ్ల వెంబడి అడుగు పొడవున్న ఆల్చిప్పలు, తెల్లటి ఎండ్రకాయలు. తర్వాతి మునకల్లో ఎర్ర కుచ్చు తలలతో తెల్లటి గొట్టపు పురుగులు కనిపించాయి. తర్వాత ఓడ మీద అలాంటి ఆల్చిప్పను తెరిచి చూస్తే లోపలి మాంసం నెత్తురులా ఎర్రగా ఉంది. మన రక్తంలో ఉండే హిమోగ్లోబినే దానిలోనూ ఉంది.

ఇక్కడ నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆ ఓడలో జీవశాస్త్రవేత్త ఒక్కరూ లేరు. రసాయన శాస్త్రవేత్తలున్నారు, భూవిజ్ఞానులున్నారు. జీవుల నమూనాలు పాడవకుండా దాచే ఫార్మాలిన్ కొంచెమే ఉంది. అది చాలక, దారిలో పనామాలో కొనుక్కున్న రష్యన్ వోడ్కాలో కొన్నింటిని వేసి దాచారు. ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రంలో అంత పెద్ద ఆవిష్కరణలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. అలాంటి ఆవిష్కరణ వోడ్కా సీసాల్లో ఒడ్డుకు చేరింది. వాళ్ల తప్పేమీ లేదు. ఉన్నదాంతో చేయగలిగింది చేశారు. కానీ అక్కడేమీ ఉండదని ముందే అనుకుని వెళితే చేతిలో సీసాలు కూడా ఉండవు.

పైకి తెచ్చిన నీటి నమూనా మూత తీయగానే కుళ్లిన కోడిగుడ్ల వాసన గుప్పుమంది. అదే అసలు ఆధారం. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. మనకు విషం. కొన్ని బ్యాక్టీరియాలకు అదే ఆహారం. ఆకు సూర్యరశ్మి నుంచి శక్తి తీసుకుని పిండిపదార్థం చేసుకున్నట్టే, ఈ బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సిజన్‌తో కలిపి, ఆ రసాయన చర్యలో వచ్చే శక్తితో కార్బన్ డయాక్సైడ్ నుంచి తన తిండి తాను తయారు చేసుకుంటుంది. ఇలా చేసే సూక్ష్మజీవులు ఉన్నాయని రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1880లలోనే చెప్పాడు. అయితే వాటి మీద ఆధారపడి ఒక ఊరంత జనం బతకగలరని ఎవరూ అనుకోలేదు. శాండ్‌విచ్ చూసి లోతు సముద్రం మందకొడిదని ప్రయోగాలు చేసిన జానష్ ఆ తర్వాత ఈ బుగ్గల సూక్ష్మజీవుల మీదే ఏళ్ల తరబడి పనిచేశాడు.

ఆ గొట్టపు పురుగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దాని శాస్త్రీయ నామం రిఫ్టియా. తెల్లటి గొట్టం, మనిషి ఎత్తు పెరుగుతుంది, రెండు మీటర్ల దాకా కూడా వెళ్తుంది. గొట్టం కొనలో నెత్తుటి రంగు కుచ్చు. పెద్దయిన రిఫ్టియాకు నోరు లేదు. కడుపు లేదు, పేగు లేదు. అంత ఒళ్లు ఏం తిని పెంచిందన్నది ఎవరికీ అంతుచిక్కలేదు. 1980లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి మెరెడిత్ జోన్స్ అనే శాస్త్రవేత్త వచ్చి ఈ పురుగు గురించి పాఠం చెబుతూ, దాని ఒంటి లోపలి మెత్తటి కణజాలంలో గంధకం స్ఫటికాలు కనిపించాయన్నాడు. వింటున్న విద్యార్థిని కొలీన్ కావనా లేచి, అయితే దాని లోపల గంధకం మీద బతికే బ్యాక్టీరియా ఉండి ఉండాలి, పురుగుకు తిండి పెట్టేది అదే అయి ఉండాలి అంది. ఆ కణజాలం ముక్క అడిగి తీసుకుని, సూక్ష్మదర్శినిలో చూసి, 1981లో రుజువు చేసింది. గ్రాము కణజాలంలో వందల కోట్ల బ్యాక్టీరియా. ఆ ఎర్ర కుచ్చు ఆక్సిజన్‌ను, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను రెండింటినీ పట్టి, ఒకదాన్నొకటి పాడుచేయకుండా నెత్తురులో మోసుకెళ్లి లోపలి బ్యాక్టీరియాకు అందిస్తుంది. అవి వండినది పురుగు తింటుంది. నోరు ఎందుకిక?

సూర్యుడితో ఏ సంబంధమూ లేని జీవితం అని దీన్ని తరచూ అంటుంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదు. ఆ బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్ పైన వెలుగులో మొక్కలు, నాచు వదిలిందే. అది చల్లటి నీళ్లతోపాటు కిందికి దిగుతుంది. ఆహారం విషయంలో మాత్రం వాళ్లు సూర్యుడి మీద ఆధారపడలేదు.

1979లో మెక్సికో తీరానికి ఎదురుగా, పసిఫిక్‌లోనే, ఇంకా భయంకరమైనవి కనిపించాయి. రాతి గొట్టాల నుంచి నల్లటి పొగలాంటి నీరు ఎగజిమ్ముతోంది. ఉష్ణోగ్రత చూద్దామని ఆల్విన్ నుంచి చాపిన కొలత పరికరపు ప్లాస్టిక్ కడ్డీ కొన కరిగిపోయింది. మళ్లీ సరైన పరికరంతో కొలిస్తే 350 డిగ్రీల పైచిలుకు. మన వంటింట్లో నీళ్లు నూరు డిగ్రీలకే మరుగుతాయి. అక్కడి ఒత్తిడికి అవి మరగలేవు. నీళ్లు పగుళ్లలోంచి లోపలికి దిగి, శిలాద్రవం వేడికి కాగి, రాయిలోని ఇనుము, రాగి, జింకులను కరిగించుకుని పైకి తన్నుకొస్తాయి. చల్లటి సముద్రజలం తగలగానే ఆ లోహాలు గంధకంతో కలిసి నల్లటి నలుసులుగా విడిపోతాయి. మనకు కనిపించే పొగ అదే. ఆ నలుసులు పేరుకునే గొట్టాలు లేస్తాయి. ఈ రాగి, జింకుల మాట గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని ఉంది.

వేడి లేకుండా కూడా ఇలాంటి జీవితం ఉంటుందా? 1984లో మెక్సికో సింధుశాఖలో, ఫ్లారిడాకు ఆవల సముద్రంలో మునిగి ఉన్న సున్నపురాతి కొండ వాలును చూడటానికి భూవిజ్ఞానులు ఆల్విన్‌లో దిగారు. 3200 మీటర్ల లోతులో, ఆ వాలు మొదట్లో, గొట్టపు పురుగులు, ఆల్చిప్పలు గుంపులుగా ఎదురయ్యాయి. నీళ్లు మామూలు చల్లటి నీళ్లే. అడుగు నుంచి సల్ఫైడ్, మీథేన్ నెమ్మదిగా ఊరుతున్నాయి. అప్పటి నుంచి అలాంటివాటిని చల్లటి ఊటలు అంటున్నాం. ఈసారి కూడా వెతికింది ఒకటి, దొరికింది ఒకటి.

చల్లటి ఊటలో అసలు పని ఒండ్రు పైపొరల్లో జరుగుతుంది. కింది నుంచి మీథేన్ వస్తుంది. పైనుంచి సముద్రజలంలోని సల్ఫేటు దిగుతుంది. రెండూ కలిసే చోట రెండు రకాల సూక్ష్మజీవులు ముద్దగా అతుక్కుని ఉంటాయి. ఒకటి మీథేన్‌ను విరగ్గొడుతుంది, రెండోది సల్ఫేటును వాడుకుంటుంది. ఒకటి లేకపోతే రెండోదానికి పని జరగదు. అమెరికాలో ఆరెగన్ తీరం ఎదుట తీసిన ఒండ్రులో ఈ జంటను ఆంట్యే బోటియస్ బృందం 2000లో సూక్ష్మదర్శిని కింద చూపించింది. వాటి పని వల్ల హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, దాన్ని ఆల్చిప్పలు, పురుగులు తమ ఒంట్లోని బ్యాక్టీరియాకు అందిస్తాయి. పక్కనే సున్నపురాయి గడ్డకడుతుంది, దాన్ని పట్టుకుని మరికొన్ని జీవులు నిలుస్తాయి. మనకు కూడా ఇందులో లాభం ఉంది. కార్బన్ డయాక్సైడ్ కంటే అనేక రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు మీథేన్. సముద్రం అడుగున పుట్టే మీథేన్‌లో అత్యధిక భాగం నీళ్లలోకైనా రాకముందే ఈ సూక్ష్మజీవుల పాలవుతోంది.

వేడి బుగ్గలకు, చల్లటి ఊటలకు ఒక పెద్ద తేడా ఉంది. వేడి బుగ్గల దగ్గర జీవితం పరుగు. తూర్పు పసిఫిక్‌లో 1991లో అగ్నిపర్వతం పేలి ఒకచోట అంతా తుడిచిపెట్టుకుపోయింది. రెండేళ్లు తిరిగేసరికి అక్కడ ఒకటిన్నర మీటర్ల పొడవున్న రిఫ్టియాలు లేచి ఉన్నాయి. ఎప్పుడు ఆరిపోతుందో తెలియని బుగ్గ దగ్గర త్వరగా పెరిగి, త్వరగా పిల్లల్ని వదలాలి. చల్లటి ఊట దగ్గర ఆ తొందర లేదు. మెక్సికో సింధుశాఖలోని గొట్టపు పురుగు రెండు మీటర్లు పెరగడానికి 170 నుంచి 250 ఏళ్లు పడుతుందని లెక్కగట్టారు. ఇవాళ అక్కడున్న పెద్ద పురుగుల్లో కొన్ని, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టడానికి ముందే పుట్టి ఉంటాయన్నమాట. అలాంటి చోట ఒకసారి నాగలి పెట్టినట్టు గీరితే మళ్లీ ఎప్పటికి?

ఇక మన తీరానికి వద్దాం. కృష్ణా గోదావరి బేసిన్ పేరు వినగానే మనకు గ్యాసు, పైపులైన్లు గుర్తొస్తాయి. లోతు సముద్రంలోకి మన ఓడలను తీసుకెళ్లింది కూడా గ్యాసే. చలి, ఒత్తిడి తగినంత ఉన్నచోట మీథేన్, నీరు కలిసి తెల్లటి మంచుగడ్డలా గట్టిపడతాయి. దాన్ని మీథేన్ హైడ్రేట్ అంటారు. అగ్గిపుల్ల వెలిగించి చూపిస్తే ఆ గడ్డ మండుతుంది. ఒక ఘనమీటరు గడ్డలో 160 ఘనమీటర్ల పైచిలుకు మీథేన్ ఇమిడి ఉంటుంది. భూకంప తరంగాల లెక్కలతో ఇది ఎక్కడెక్కడ ఉండవచ్చో చెప్పడంలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి కృషి చేసింది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకపు ఓడ మన సముద్రాల్లో 21 చోట్ల రంధ్రాలు వేసి చూసింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో, దాదాపు 1040 మీటర్ల లోతు నీళ్ల కింద, పదో స్థలంలో, 128 మీటర్ల మందాన బంకమట్టి పగుళ్ల నిండా హైడ్రేట్ దొరికింది. అప్పటికి ప్రపంచంలో తెలిసిన అతి సమృద్ధమైన నిల్వల్లో ఒకటిగా దాన్ని చెప్పుకున్నారు. 2015లో జపాన్ ఓడ చిక్యూతో మళ్లీ తవ్వారు.

ఈ ఇంధనం వేటలోనే జీవుల జాడ బయటపడింది. ఒండ్రులోకి పొడుగాటి గొట్టం దించి పైకి తీసిన మట్టి కడ్డీలో సల్ఫైడ్ ఊటల దగ్గర మాత్రమే బతికే జాతి ఆల్చిప్పల పెంకులు, సున్నపు గట్టిముక్కలు కనిపించాయి. ఇక్కడ ఒకప్పుడు చల్లటి ఊట ఉండేదని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2009లో రాశారు. పాత ఊట ఉన్నచోట కొత్తది కూడా ఉండవచ్చు కదా. వెతికారు. దానికి ఒక చక్కటి పద్ధతి ఉంది. ఓడ నుంచి కిందికి ధ్వని పంపి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని తెర మీద చూస్తారు. నీటిలో వాయువు బుడగలుంటే ధ్వని వాటికి తగిలి వెనక్కి వస్తుంది. తెర మీద సముద్రం అడుగు నుంచి అగరొత్తి పొగలా ఒక సన్నటి గీత నిలువునా లేస్తుంది. అలాంటి గీత కనబడితే ఓడ ఆపి, అక్కడ ఒండ్రు కడ్డీ తీస్తారు.

అలా తీసిన మట్టిలో అడుగు నుంచి రెండు మూడు మీటర్ల లోపే మీథేన్ హైడ్రేట్ దొరికింది. అంత పైకి దొరకడం అరుదు. అంటే వాయువు బాగా ఎగదన్నుతోంది. ఆ హైడ్రేట్ పైకి వచ్చేసరికి ఒత్తిడి తగ్గి బుసబుస పొంగుతుంది. మట్టి నుంచి గుడ్లు కుళ్లిన వాసన వస్తుంది. ఆ మట్టిలో నాలుగు వేర్వేరు కుటుంబాలకు చెందిన ఆల్చిప్పలు, ఒక కుటుంబం నత్తలు, గొట్టపు పురుగులు ఉన్నాయి. ఆ ఆల్చిప్ప కుటుంబాల్లో ఒకటి, 1977లో గలాపగోస్ దగ్గర ఎర్రటి మాంసంతో కనిపించిన ఆల్చిప్ప కుటుంబమే. ఆ గొట్టపు పురుగులు రిఫ్టియా కుటుంబానివే. పసిఫిక్ అడుగున ముగ్గురు మనుషులు కిటికీలోంచి ఆశ్చర్యపోతూ చూసిన జీవుల దగ్గరి బంధువులు, కోనసీమకు, దివిసీమకు ఆవల, మన నదుల మట్టిలో ఉన్నాయి. ఈ వార్త మన ఊళ్లలో పండుగలా చెప్పుకోవలసింది. చాలామంది చెవిన కూడా పడలేదు.

లోతు సముద్రం తెలుగువాళ్లకు మరీ కొత్తేమీ కాదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు, అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్‌తో కలిసి, నౌకాదళం ఓడ మీద విశాఖ తీరం వెంబడి లోతులు కొలిచారు. నీటి కింద దాగిన లోయలను గుర్తించి వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ ఆ విశ్వవిద్యాలయంలోనే భూవిజ్ఞాన శాస్త్రం చెప్పిన ఆచార్యుడు. ఆ పేర్లు నాకు చాలా ఇష్టం.

హిందూ మహాసముద్రం మధ్యలో కూడా పసిఫిక్‌లో ఉన్నలాంటి పర్వతశ్రేణులున్నాయి, అక్కడా భూమి విచ్చుకుంటోంది. రోడ్రిగ్స్ ద్వీపానికి ఆగ్నేయంగా కైరే అనే వేడి బుగ్గలను జపాన్ వాళ్లు 2000లో కనిపెట్టారు. మరుసటి ఏడాది అమెరికన్ బృందం అక్కడికి వెళ్లింది. వెళ్లిన ఓడ 1977 నాటి నారే. ఈసారి జీవశాస్త్రవేత్తలు ఓడ నిండా ఉన్నారు. వాళ్లకు ఒక నత్త దొరికింది. నాలుగైదు సెంటీమీటర్ల నత్త. దాని పాదం చుట్టూ పెంకుల్లా పొలుసులు, ఆ పొలుసుల మీద ఇనుము, గంధకం కలిసిన నల్లటి పూత. తన ఒంటి మీద ఇనుప సల్ఫైడు కవచం తొడుక్కున్న జంతువు అదొక్కటే మనకు తెలుసు. దానిక్కూడా తిండి పెట్టేది లోపలి బ్యాక్టీరియానే. ఆ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందించడానికి దాని గుండె ఒళ్లంతటిలో దాదాపు ఇరవై అయిదో వంతు ఉంటుంది.

2019లో ఈ నత్తను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. లోతు సముద్రపు గనుల ముప్పు వల్ల ఆ జాబితాకెక్కిన మొదటి జీవి అదే. అప్పటికి అది ఉన్నట్టు తెలిసిన చోట్లు మూడే. మూడూ కలిపినా అయిదెకరాలు. అందులో రెండు గనుల అన్వేషణ ఒప్పందాల కింద ఉన్నాయి.

ఇందాక గుర్తుంచుకోమన్న రాగి, జింకు సంగతి ఇదే. అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో మన దేశం 2016లో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుంది. మధ్య, నైరుతి హిందూ మహాసముద్ర శ్రేణుల్లో 10,000 చదరపు కిలోమీటర్లలో ఈ సల్ఫైడ్ ఖనిజాల కోసం అన్వేషించే హక్కు వచ్చింది. 2025 సెప్టెంబరులో కార్ల్స్‌బర్గ్ శ్రేణికి మరో ఒప్పందం కుదిరింది. ఖనిజం వెతకాలంటే బుగ్గలను వెతకాలి. బుగ్గ నుంచి లేచిన నీరు కొన్ని వందల మీటర్లు పైకి వెళ్లి, పక్కలకు పరుచుకుంటుంది. ఆ నీటి పొరలో మసక, ఉష్ణోగ్రత తేడా, మాంగనీసు, మీథేన్ జాడలు పట్టుకుంటూ ఓడ ముందుకూ వెనక్కూ తిరగాలి. ఆ తర్వాత మనిషి లేని యంత్రాన్ని కిందికి పంపాలి. 2024 డిసెంబరులో సాగర్ నిధి ఓడ మీద వెళ్లిన గోవా, చెన్నై సంస్థల శాస్త్రవేత్తలు 4500 మీటర్ల లోతున వేడినీళ్లు చిమ్ముతున్న బుగ్గను ఫొటో తీశారు. మన దేశపు శాస్త్రవేత్తలు క్రియాశీలమైన బుగ్గను అలా ఫొటో తీయడం అదే ప్రథమం. ఆ వార్త చదివిన రోజు నాకు గర్వంగా అనిపించింది, దాన్ని దాచుకోను.

దేశానికి రాగి అక్కర్లేదని, గ్యాసు అక్కర్లేదని నేననను. వంటగ్యాసు సిలిండరు ధర పెరిగితే ఎవరి ఇల్లు ఇరుకున పడుతుందో నాకు తెలుసు. కానీ వేడినీళ్లు చిమ్ముతున్న బుగ్గను, వాయువు ఊరుతున్న ఊటను ముట్టుకోకూడదని నా అభిప్రాయం. చల్లారిపోయిన బుగ్గల దగ్గర కూడా ఖనిజం ఉంటుంది, వెతకదలిస్తే అక్కడ వెతకవచ్చు. అదీ ముందు అక్కడెవరున్నారో చూశాకే. హైడ్రేట్ తవ్వే ప్రతి స్థలానికీ ముందు, చుట్టూ ఊటలెక్కడున్నాయో పటం గీయాలి. ఆ జీవుల తిండి అదే వాయువు. దాని దారి మళ్లితే వాళ్లు మరో చోటికి లేచిపోలేరు.

2021లో కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో లోతు సముద్ర కార్యక్రమం ప్రకటించింది. అందులో జీవవైవిధ్యానికి కూడా ఒక భాగం ఉంది. అది మంచి విషయం. ఆ కార్యక్రమం కిందే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మత్స్య 6000 అనే వాహనాన్ని తయారుచేస్తోంది. 2.1 మీటర్ల వ్యాసం ఉన్న టైటానియం గోళంలో ముగ్గురు కూర్చుని 6000 మీటర్లు దిగాలని లక్ష్యం. 2025 ఆరంభంలో దాన్ని కట్టుపల్లి రేవులో నీళ్లలో దించి పరీక్షించారు. అదే ఏడాది ఆగస్టులో మనవాళ్లిద్దరు ఫ్రెంచివారి నాటీల్ వాహనంలో అట్లాంటిక్‌లో దిగి వచ్చారు. ఒకరు నాలుగు వేల మీటర్లు, ఒకరు అయిదు వేల మీటర్లు దాటారు.

మత్స్యలో సీట్లు మూడే. ఒకటి నడిపేవారిది. మిగిలిన రెండింటిలో, మొదటి మునక నుంచే, ఒకటి జీవశాస్త్రవేత్తకు ఇవ్వాలని నేను అడుగుతున్నాను. ఖనిజాలు చూసేవాళ్లు, యంత్రాలు చూసేవాళ్లు ఎలాగూ వెళ్తారు, వాళ్ల అవసరం అందరికీ తెలుసు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఊటలున్న లోతు 1800 మీటర్లలోపే. మత్స్య సామర్థ్యంలో అది మూడో వంతు కూడా లేదు. దూర సముద్రాలకు వెళ్లకముందు మన ఊటల దగ్గరికి ఒకసారి దిగి, ఎన్ని ఆల్చిప్పలున్నాయో, గొట్టపు పురుగులు ఏ రాయిని పట్టుకుని ఉన్నాయో కళ్లతో చూసి లెక్క రాసుకుని రావాలి. గొట్టంతో తీసిన మట్టిలో దొరికింది జీవుల ఒక చిన్న ముక్క మాత్రమే. ఎవరు ఎవరి పక్కన ఉంటున్నారో దాన్నిబట్టి తెలియదు.

కాలేజీల్లో జంతుశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్న పిల్లలు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకొక మాట. ఈ పనికి ఈత రావాలని, ధైర్యం కావాలని అనుకుంటారు. అంతకన్నా ముందు గుల్లల వర్గీకరణ తెలిసినవాళ్లు కావాలి. 2019 నాటి పత్రం మన ఆల్చిప్పల్లో చాలావాటిని కుటుంబం దాకా చెప్పింది. అక్కడి నుంచి జాతి దాకా తీసుకెళ్లాలంటే పెంకు కీలు దగ్గరి పళ్లు లెక్కపెట్టాలి, మొప్పను సన్నటి పొరలుగా కోసి లోపలి బ్యాక్టీరియాను చూడాలి, డీఎన్ఏ చదివి పసిఫిక్ బంధువులతో పోల్చాలి. ఇది బల్ల ముందు కూర్చుని చేసే పని. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రం చెప్తారు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం రేవుల్లో వలలకు చిక్కి ఒడ్డుకు చేరే గుల్లలతో చదువు మొదలుపెట్టవచ్చు. వాటి పళ్లు లెక్కపెట్టడం వచ్చినవాళ్లకు ఊట దగ్గరి ఆల్చిప్ప చేతికిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది.